పెరటి పండ్ల మీద కందిరీగలు మూగకుండా ఏం చేయాలి

జామపండు మీద కందిరీగలు మూగి కనిపిస్తే, పండుకి బొక్క పెట్టింది అవేనని అనుకుంటాం. చాలాసార్లు కాదు. రాత్రి గబ్బిలం కొరికి ఉంటుంది. తెల్లవారుజామున చిలక పొడిచి ఉంటుంది, లేదా ఉడత గీరి ఉంటుంది. ఇవేవీ కాకపోతే పండు ఈగ గుడ్లు పెట్టిన చోట మెత్తబడి రసం కారుతూ ఉంటుంది. ఆ రసం కోసమే కందిరీగ వస్తుంది. ద్రాక్ష, అంజూర, బాగా మిగలపండిన జామ లాంటి పల్చని తొక్క ఉన్న పండ్లని మాత్రం పెద్ద కందిరీగలు తమ దవడలతో నేరుగా చీల్చగలవు. గట్టి తొక్క ఉన్న మామిడినీ, దానిమ్మనీ ముందు ఇంకొకరు పాడుచేస్తేనే అవి లోపలికి వెళ్తాయి.

ఇది తెలిస్తే పని సగం తేలికవుతుంది. కందిరీగల వెంట పడటం కన్నా, పగిలిన పండు వాటికి దొరకకుండా చూడటం మీద మన శ్రమ పెట్టాలి. విజయవాడ పటమటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. చెట్టు మనది, కొమ్మలు పక్కింటి మేడ మీద. మందు కొట్టినా మంట పెట్టినా పక్కవాళ్ళ పిల్లల మీదకే పోతుంది. అందుకే కింద చెప్పే పనుల్లో చంపే పని చివరికి వస్తుంది.

ముందు ఏది వాలుతోందో చూసుకోండి

తేనెటీగ ఒంటి మీద నూగు ఉంటుంది, నడుము అంత సన్నగా కనపడదు. కందిరీగ ఒళ్ళు నున్నగా మెరుస్తుంది, నడుము దారంలా సన్నగా ఉంటుంది. ఎగిరేటప్పుడు కొన్నింటి కాళ్ళు కిందకి వేలాడుతుంటాయి. తేనెటీగలైతే వాటి జోలికి పోకండి. మీ మామిడి, నిమ్మ, గుమ్మడి పూత నిలబడి కాయ కావడంలో వాటి పాలు పెద్దది. చెట్టుకి పెద్ద తేనెపట్టు వేలాడుతుంటే దాన్ని కదిలించడం ఇంట్లో వాళ్ళు చేసే పని కాదు.

కందిరీగలన్నీ కూడా ఒకటి కావు. గోడ మూలల్లో, కిటికీ చువ్వల దగ్గర మట్టితో గూడు కట్టుకునేవి ఒంటరివి. గుంపుగా రావు, మీద పడవు. వాటిని వదిలేయండి. మనకి ఇబ్బంది పెట్టేవి రెండు రకాలు. ఒకటి, కాగితం లాంటి గూడుని తలకిందుల గొడుగులా ఆకుల చాటున, సన్‌షేడ్ కింద వేలాడదీసే చిన్న గోధుమరంగు కందిరీగలు. రెండోది, పొట్ట మీద మందపాటి పసుపు పట్టీతో, బొటనవేలి కణుపంత ఉండే పెద్దవి. ఇవి చెట్టు తొర్రల్లో, నేల బొరియల్లో, పాత గోడ సందుల్లో ఉంటాయి. రెండో రకంతో చాలా జాగ్రత్తగా ఉండాలి.

ఇక్కడ ఒక మాట. కందిరీగ తాను తీపి తాగి బతుకుతుంది కానీ, గూట్లో ఉన్న పిల్లలకి పురుగుల మాంసం కావాలి. నిమ్మ, కరివేప ఆకుల్ని తినేసే పచ్చ గొంగళి పురుగుల్ని, వంగ బెండ మొక్కల మీది పురుగుల్ని పట్టి, నమిలి, ఉండచేసి తీసుకెళ్ళి పెడుతుంది. పండ్ల కాలం తప్ప మిగతా రోజుల్లో అది మీ తోటలో జీతం లేని కాపలా. దారికి అడ్డం లేని చోట, ఎత్తులో, ఎవరి చెయ్యీ తగలని చోట ఉన్న గూటిని తీయాల్సిన అవసరమే లేదని నా గట్టి అభిప్రాయం.

చెట్టు కింద నేల శుభ్రం

పని ఇక్కడ మొదలుపెట్టండి. రోజూ పొద్దున్నే, ఎండ పడకముందే, రాలిన పండ్లు ఏరేయాలి. ఎండెక్కితే కందిరీగలు పనిలోకి దిగుతాయి. ఆ పండ్ల మధ్యలో చెయ్యి పెడితే కుట్టించుకోవడమే. జామ, సపోటా చెట్ల కింద బోర్లా పడి ఉన్న పండుని చేత్తో ఎత్తకండి, పుల్లతో దొర్లించి చూసి తీయండి. సగం తిన్న పండు లోపల కందిరీగ దూరి ఉంటుంది, పైకి కనపడదు.

ఏరిన వాటిని చెట్టు మొదట్లోనే కుప్ప పోస్తే ఏరి ఉపయోగం లేదు. రెండు అడుగుల గుంట తీసి పూడ్చండి. చోటు లేకపోతే నల్ల పాలిథిన్ సంచిలో వేసి, మూతి బిగించి కట్టి, కొన్ని రోజులు ఎండలో పెట్టండి. మే నెల బెజవాడ ఎండకి లోపలి పండు ఈగ పురుగులు కూడా చస్తాయి. తర్వాత తడిచెత్త బండికి ఇచ్చేయవచ్చు. కంపోస్టు వేసేవాళ్ళు పండు తొక్కలు వేసిన ప్రతిసారీ పైన మట్టి గానీ ఎండాకులు గానీ మందంగా కప్పాలి.

ఎండాకాలంలో ఇంకోటి చూస్తుంటాను. ముంజలు తిని డొప్పలు, పుచ్చకాయ తిని చెక్కలు చెట్టు మొదట్లో పడేస్తారు, ఎరువవుతుందని. ఎరువయ్యేలోపు వీధిలోని కందిరీగలన్నీ మీ పెరటి దారి నేర్చుకుంటాయి. ఆగస్టులో తాటిపండ్లు పిసికిన పీచు కూడా అంతే.

పరువానికి రాగానే కోయండి

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు. చెట్టు మీదే మాగితే రుచి ఎక్కువని కాయని చివరిదాకా ఉంచుతారు. ఉంచిన ప్రతి రోజూ గబ్బిలానికీ చిలకకీ ఒక అవకాశం, వాటి వెనకే కందిరీగకి. మామిడి, సపోటా, సీతాఫలం, అరటి కోశాక మాగే పండ్లు. పరువానికి వచ్చాక కోస్తే రుచిలో లోటు ఉండదు.

మామిడి కాయకి తొడిమ దగ్గర భుజాలు నిండి పైకి లేచి ఉండాలి. అనుమానం ఉంటే ఒక కాయ కోసి బకెట్ నీళ్ళలో వేయండి. మునిగితే పరువానికొచ్చినట్టు, తేలితే ఇంకా లేతది. కొద్దిగా తొడిమ ఉంచి కోస్తే సొన కారి తొక్క మాడదు. వరిగడ్డిలో పొరలు పొరలుగా పేర్చి గదిలో మాగబెట్టండి. బంగినపల్లి అయినా రసాలైనా ఇదే పద్ధతి. కార్బైడ్ జోలికి మాత్రం పోవద్దు. అది నిషేధం, ఆరోగ్యానికి చేటు.

సపోటా కాయని గోటితో గీరితే కింద ఆకుపచ్చ కనపడకూడదు, పాలు కారకూడదు. సీతాఫలానికి కళ్ళ మధ్య సందులు విచ్చుకుని లేత పసుపు తిరిగితే కోసేయండి, మూడో రోజుకి మెత్తబడుతుంది. పెరట్లో చక్రకేళి గెల ఉంటే కాయల అంచులు పోయి గుండ్రబడగానే గెల దించుకుని ఇంట్లో వేలాడదీయండి.

జామ సంగతి వేరు. ముదురు ఆకుపచ్చ పోయి లేత ఆకుపచ్చకి తిరిగి, నొక్కితే ఇంకా గట్టిగా ఉన్న దోర దశలో కోయాలి. ఒక్కసారి కోత అయిపోదు కాబట్టి కాపు ఉన్నన్నాళ్ళూ రోజు విడిచి రోజు చెట్టు చుట్టూ తిరగాలి. దానిమ్మ, ద్రాక్ష, నేరేడు, బత్తాయి కోశాక తీపెక్కవు. వాటిని చెట్టు మీద పండనివ్వక తప్పదు. వాటి కోసమే తర్వాతి పని.

సంచి కట్టడం

పండుకి సంచి కడితే కందిరీగ ఒక్కటే కాదు, పండు ఈగ, చిలక, మచ్చ తెగులు కూడా తగ్గుతాయి. మామిడి తోటల్లో ఇప్పుడు మామూలుగా వాడే కాగితం కవర్లు పురుగుమందుల దుకాణాల్లో అడిగితే దొరుకుతాయి. కాయ కోడిగుడ్డంత అయినప్పుడు కట్టాలి. బంగినపల్లికైతే అది దాదాపు మార్చి నెల. అంతకన్నా ముందు కడితే కాయ రాలే కాలం ఇంకా అయిపోదు, కవరు వృథా. జామకి నిమ్మకాయంత అయినప్పుడు కట్టండి.

కట్టే పద్ధతి ఇలా. మంచు ఆరాక, కాయ పొడిగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. కాయ మీద అప్పటికే మచ్చ, బొక్క, పిండినల్లి ఉంటే ఆ కాయని తీసేయండి, సంచిలో పెట్టి కాపాడాల్సిన పని లేదు. సంచి నోటిని ఊది విప్పి, కాయ గోడలకి తగలకుండా మధ్యలో ఉండేట్టు దూర్చి, మూతి ముడతలు పెట్టి తొడిమ పైన కొమ్మకి కట్టాలి. తొడిమకి బిగించి కడితే కాయ రాలిపోతుంది. కింద మూలన చిన్న బెజ్జం ఉంచితే వాన నీళ్ళు నిలవవు.

పాత న్యూస్‌పేపరుతో సంచులు చేసుకోవచ్చు కానీ ఒక వానకే చిరుగుతాయి. పైగా గూడు కట్టుకోవడానికి పీచు గీరుకునే కందిరీగలకి కాగితం కొరకడం కష్టమేమీ కాదు. మిద్దె తోటలో డ్రమ్ముల్లో పెంచే అంజూర, దానిమ్మ, డ్రాగన్ పండు లాంటి నాలుగైదు చెట్లకి నేనైతే గుడ్డ సంచులే చెప్తాను. పాత దోమతెరని జానెడు సంచులుగా కుట్టి మూతికి నాడా ఎక్కిస్తే ఏళ్ళ తరబడి వస్తాయి. గాలి ఆడుతుంది, పండు రంగు కనపడుతుంది. ఒక్కటే జాగ్రత్త: తెర పండుకి అతుక్కుని ఉంటే కందిరీగ బయటినుంచే రసం పీల్చగలదు. కాస్త వదులుగా ఉండాలి.

ద్రాక్ష గుత్తికి మొత్తం గుత్తి పట్టే సంచి, నేరేడు చెట్టుకి అందిన కొమ్మలకి మాత్రమే వల. చెట్టు మొత్తం వల కప్పాలనుకుంటే పిందె కట్టాకే కప్పండి. పూత మీద కప్పితే తేనెటీగలు లోపలికి రాలేక కాపే పోతుంది. వలని బిగువుగా లాగి కట్టాలి, వదులుగా వేలాడితే పిచ్చుకలు, పిట్టలు చిక్కుకుని చనిపోతాయి.

జామ, మామిడికి పండు ఈగ బెడద ఉంటే మిథైల్ యూజినాల్ ఉన్న లింగాకర్షక బుట్ట ఒకటి మనిషి ఎత్తున వేలాడదీయండి. అది కందిరీగల్ని రప్పించదు, మగ పండు ఈగల్ని పడుతుంది. ఈగ తగ్గితే మెత్తబడే పండ్లు తగ్గుతాయి, వాటి మీద వాలేవీ తగ్గుతాయి.

పండ్లు లేకపోయినా వస్తుంటే

చెట్టుకి ఒక్క పండు లేదు, అయినా కందిరీగలు ఆకుల మీద తిరుగుతున్నాయంటే ఆకుల్ని తిప్పి చూడండి. ఆకులు జిగటగా మెరుస్తుంటే అది తేనెమంచు. మామిడి మీద తేనెమంచు పురుగు, జామ మీద పిండినల్లి, తెల్లదోమ, మిగతా మొక్కల మీద పేనుబంక. ఇవి రసం పీల్చి తీపి జిగురు వదులుతాయి. దాని మీద నల్లటి మసి తెగులు పడుతుంది. చీమలూ కందిరీగలూ ఆ జిగురు కోసమే వస్తాయి. పైపుతో నీళ్ళు బలంగా కొట్టి ఆకుల అడుగు భాగం కడగండి. సాయంత్రం పూట లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి చిటికెడు సబ్బుపొడి వేసి పిచికారీ చేయండి. వారం, పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు చేస్తే తగ్గుతుంది. పూత విచ్చుకుని ఉన్నప్పుడు కొట్టకండి.

ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళ కోసం కూడా వస్తాయి. గూడు వేడెక్కితే నోటితో నీళ్ళు తెచ్చి పరిచి, రెక్కలతో విసిరి చల్లబరుచుకుంటాయి. కారే కుళాయి, మూత సరిగా పడని ట్యాంకు, కూలరు తొట్టి చూసుకోండి. పిట్టల కోసం నీళ్ళు పెట్టే అలవాటు ఉంటే మానొద్దు, ఆ మూకుడుని పండ్ల చెట్టుకి దూరంగా జరపండి.

గూడు తీయాల్సి వస్తే

చలి దేశాల వాళ్ళ సలహా ఒకటి మనవాళ్ళు కూడా చెప్పుకుంటుంటారు: చలికాలం దాకా ఆగితే గూడు దానంతట అదే ఖాళీ అవుతుందని. మన దగ్గర అది నమ్ముకోకండి. దక్షిణాదిలో మామూలుగా కనపడే రోపలీడియా మార్జినేటా అనే కాగితపు గూటి కందిరీగ మీద బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాలుగా పరిశోధన చేశారు. అది ఏడాది పొడవునా గూళ్ళు పెడుతుంది. ఒక్కోసారి ఒక్క ఆడ కందిరీగ, ఒక్కోసారి కొన్ని కలిసి మొదలుపెడతాయి.

కాబట్టి మన ఆయుధం పెందలాడే చూడటం. నెలకి రెండుసార్లు చెట్టు కొమ్మల్ని, సన్‌షేడ్ల కింద, ఏసీ బయటి యూనిట్ వెనక, నీళ్ళ ట్యాంకు మూత కింద, వాడని పైపు ముక్కల్లో, మీటరు పెట్టెలో చూడండి. నాలుగైదు గదులతో రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు తీయడం తేలిక. అరచేయంత అయ్యాక కష్టం.

చిన్న గూడు తీయడానికి చీకటి పడ్డాక, అన్నీ గూటికి చేరాక వెళ్ళండి. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు, చేతికి తొడుగులు, తలకి హెల్మెట్, మెడ చుట్టూ తువ్వాలు. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, తెల్ల వెలుగు మీదకి అవి దూసుకొస్తాయి. గూటికి నేరుగా కింద నిలబడకండి. వెనక్కి పోవడానికి దారి ముందే చూసుకోండి. లీటరు నీళ్ళలో రెండు మూడు చెంచాల గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపి స్ప్రేయర్‌తో గూడు మొత్తం తడిసేలా కొట్టండి. సబ్బు నీళ్ళు వాటి ఊపిరి రంధ్రాల్ని మూసేస్తాయి. కదలిక ఆగాక పొడుగు కర్రతో గూటిని సబ్బు నీళ్ళ బకెట్‌లోకి రాల్చి, అది వేలాడిన కాడని కూడా గీకేయండి. బయట ఉండిపోయిన ఒకటి రెండు మరుసటి రోజు అక్కడక్కడే తిరుగుతాయి, కంగారు పడకండి.

నిచ్చెన ఎక్కి మాత్రం ఈ పని చేయకండి. కందిరీగ కాటు కన్నా నిచ్చెన మీదినుంచి పడటం ప్రమాదం. కిరోసిన్ గుడ్డ చుట్టిన కాగడా పెట్టడం మన ఊళ్ళలో పాత అలవాటు. ఎండిన ఆకులు, కరెంటు తీగలు, పక్కింటి తాటాకు పాక ఉన్న చోట అది ఇంటి మీదకి తెచ్చుకోవడమే. చెట్టు కొమ్మ కూడా మాడిపోతుంది.

గూడు పెద్దదైతే, చేతికి అందని ఎత్తులో ఉంటే, తొర్రలోనో నేలలోనో పెద్ద పసుపు పట్టీ కందిరీగలు ఉంటే మీరు చేయకండి. పురుగుల నివారణ పని తెలిసినవాళ్ళని పిలవండి. అంతవరకు ఆ చుట్టుపక్కల పిల్లల్ని, పనివాళ్ళని రానివ్వకండి. చెట్టెక్కి కాయలు కోసేవాళ్ళకి ముందే చెప్పండి. గూడుందని తెలియకుండా కొమ్మ మీద చెయ్యి వేసేది వాళ్ళే. కొమ్మలు కత్తిరించే ముందు కూడా దూరంనుంచి పొడుగు కర్రతో ఆకుల్ని కదిపి చూడటం అలవాటు చేసుకోండి.

సీసా ఉచ్చు

ఇది అన్నీ చేశాక కూడా బెడద తగ్గకపోతేనే. ప్లాస్టిక్ సీసా పై భాగం కోసి, తలకిందులు చేసి అందులోనే దూర్చండి. లోపల బెల్లం నీళ్ళు, ఒక మగ్గిన అరటిపండు ముక్క, చెంచా వెనిగర్, ఒక చుక్క గిన్నెల లిక్విడ్. వెనిగర్ వాసనకి తేనెటీగలు సాధారణంగా దగ్గరికి రావు. వస్తున్నాయంటే ఆ ఉచ్చు తీసేయండి. చెట్టుకి కట్టకండి, కనీసం ఇరవై అడుగుల దూరంలో కట్టండి. చెట్టుకే కడితే లేనివాటిని పిలిచినట్టవుతుంది. రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మార్చండి.

పండిన పండ్ల మీద పురుగుమందు కొట్టడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. రేపు ఆ పండు మీ పిల్లలే తినాలి. చెట్టు కింద పుదీనా, నిమ్మగడ్డి వేస్తే రావంటారు. మొక్కలుగా మంచివే, వేసుకోండి. పగిలిన జామపండు ఎదురుగా ఉంటే మాత్రం వాటి మీద ఆధారపడలేం.

కుడితే

చేతులు ఊపకండి. మీద వాలినదాన్ని నలపకండి. పెద్ద కందిరీగల్లో నలిగినదాని వాసనకి మిగతావి రెచ్చిపోతాయి. మూడు నాలుగు వాలితే నీళ్ళలోకో చెట్టు చాటుకో కాదు, ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకోండి.

కందిరీగ ముల్లు వదిలిపెట్టదు కాబట్టి పీకాల్సింది ఏమీ ఉండదు. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. చేతికి కుడితే వాపు రాకముందే ఉంగరం, గాజులు తీసేయండి. సున్నం రాయడం చాలా ఇళ్ళలో ఉంది. అది చర్మాన్ని కాలుస్తుంది, రాయకండి. దురద, వాపు ఒకటి రెండు రోజులుంటాయి.

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా ఆగకుండా 108 కి ఫోన్ చేయండి: ఊపిరి అందకపోవడం, పెదాలు, నాలుక, ముఖం వాయడం, ఒళ్ళంతా దద్దుర్లు, కళ్ళు తిరగడం, వాంతులు. నోట్లో, గొంతులో కుడితే లక్షణాల కోసం చూడక్కర్లేదు, వెంటనే వెళ్ళాలి. ఒకేసారి చాలా కందిరీగలు కుట్టినవాళ్ళు బాగానే ఉన్నామన్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ విషం తర్వాతి రోజుల్లో మూత్రపిండాల మీద పడవచ్చు. మూత్రం తగ్గినా, టీ డికాషన్ రంగులో వచ్చినా ఆ సంగతి డాక్టరుకి తప్పక చెప్పాలి. ఇంతకుముందు కందిరీగ కుట్టి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినవాళ్ళు ఇంట్లో ఉంటే, గూడు తీసే పనికీ కాయలు కోసే పనికీ వాళ్ళని పంపకండి.